ఇక్కడ ఉమ్మరాదు, చెంగమ్మ మినహా

రాకెట్టు సముద్రంలో పడడానికి కారణం పీతలకుప్పం చెంగమ్మ కన్నేనన్న సంగతి ఊళ్ళోకి తెచ్చింది పక్కింటి మస్తానమ్మ. ఆ మాట తనది కాదనీ, టీ అంగడాయన అంటే విన్నాననీ, ఆయన కూడా సొంతంగా అనలేదనీ, రాకెట్టు ఆఫీసు గేటు కాడ కాపలా ఉండే బామ్మర్ది చెవిలో వేస్తేనే అన్నాడనీ ఒట్టేసి మరీ చెప్పింది. పైగా ఇది నోటిమాట కాదట. పెద్ద పెద్ద చదువులవాళ్ళు ఏసీ గదిలో కూర్చుని, జీడిపప్పు తింటూ, బాగా ఆలోచించి తేల్చారట.

చెంగమ్మ అప్పుడు పెరట్లో చేపలకు పొలుసు తీస్తోంది. తల ఎత్తకుండానే, "నా కంటికి అంత బలముంటే నీ నోరు ఎప్పుడో పడిపొయ్యేది గదే మస్తానమ్మా" అంది.

మస్తానమ్మ నవ్వింది గానీ, నవ్వుతూనే తన గేదెను ఇవతలి గుంజ నుంచి విప్పి అవతలి గుంజకు కట్టుకుంది. చెంగమ్మ అది గమనించింది. పొలుసు తీసే కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

అసలు జరిగిందేమిటంటే, పీతలకుప్పం వాళ్ళకు రాకెట్టు కొత్త కాదు. ఉప్పుటేటికి అవతల దీవిలో ప్రయోగకేంద్రం వెలిసినప్పటినుంచీ వలలు విసురుతూ, వడియాలు పెడుతూ, బహిర్భూమికి కూర్చునీ ఎన్నో చూశారు. కొంగలు లేచినట్టే రాకెట్లూ లేస్తాయి. కొంగల్ని ఎవరూ బస్సెక్కి పోయి చూడరు. కానీ మొన్నామధ్య కేంద్రం వారు కొత్తగా వీక్షణశాల కట్టారు. సిమెంటు బెంచీలు, పైన రేకులు, చుట్టూ పూలకుండీలు. ప్రారంభోత్సవానికి మంత్రి వస్తున్నాడు గనక బెంచీలు ఖాళీగా ఉండకూడదని చుట్టుపక్కల ఊళ్ళకు బస్సులు పంపారు. బస్సు ఇంటి ముందుకొచ్చి ఆగితే ఎక్కకపోవడం మర్యాద కాదని చెంగమ్మ ఎక్కింది. పులిహోర పొట్లం కూడా ఇచ్చారు.

రాకెట్టు లేచింది. ఇంటి పెరట్లోంచి ఎన్నిసార్లు చూసినా అంత దగ్గరగా, నేల అదిరేట్టు ఆమె ఎప్పుడూ చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్రయత్నంగా ఒక మాట వచ్చేసింది: "అబ్బ, ఎంత ముద్దుగా పోతా ఉందో నా తల్లి."

అన్నాక నాలుక కరుచుకుంది. పసిపిల్లనైనా, పాడిగేదెనైనా, కాసిన గుమ్మడిపాదునైనా ఎదురుగా మెచ్చుకుంటే వెంటనే థూ థూ అని పక్కకు ఉమ్మాలి. లేకపోతే మెప్పు కాస్తా దిష్టయి కూర్చుంటుంది. ఇది పీతలకుప్పంలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. చెంగమ్మ పక్కకు తిరిగి నోరు సిద్ధం చేసుకుంది. సరిగ్గా అప్పుడే కాపలావాడు లాఠీతో గోడమీద బోర్డు చూపించాడు. ‘ఇక్కడ ఉమ్మరాదు’. మంత్రి ఉన్నాడు, కెమెరాలున్నాయి. చెంగమ్మ మింగేసింది.

రాకెట్టు కాసేపు పోయి, మనసు మార్చుకున్నదానిలా వంగి, సముద్రం దారి పట్టింది.

పడిపోయింది అనకూడదని ఆ సాయంత్రమే కేంద్రం వారు ప్రకటించారు. అది ‘ప్రణాళికేతర అవతరణం’. దాని మీద విచారణకు ఒక సంఘం వేశారు. సంఘానికి అధ్యక్షులు డాక్టర్ పరాంకుశం గారు. ఆయన మాట్లాడితే ముందు కళ్ళజోడు తీస్తారు, మాట అయిపోయాక పెట్టుకుంటారు. నడుమ ఎదుటివాడు ఎవరో ఆయనకు సరిగా కనిపించదు.

సంఘం ముందు ఇంజను వాళ్ళు నిలబడి, తమ ఇంజను పేలే క్షణం వరకూ అద్భుతంగా పనిచేసిందన్నారు. ఇంధనం వాళ్ళు, మండడం తమ ఇంధనం ధర్మమనీ, ధర్మం తప్పలేదనీ అన్నారు. దారి చూపే యంత్రం వాళ్ళు, యంత్రం దారి చూపిందనీ, రాకెట్టే వినలేదనీ అన్నారు. అన్ని విభాగాలూ ఏ లోపమూ లేకుండా పనిచేశాయని సంఘం సంతృప్తి వ్యక్తం చేసింది. మరి ఎందుకు పడిందన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. లోపల ఎవరి తప్పూ లేనప్పుడు తప్పు బయట ఉండి తీరాలి. ఇది తర్కశాస్త్రం.

బయట ఉన్నదెవరు? వీక్షణశాలలో జనం. టీవీ వాళ్ళు తీసిన బొమ్మ వేసి చూశారు. రాకెట్టు నిక్షేపంగా పోతోంది. చెంగమ్మ గొంతు వినిపించింది. రాకెట్టు వంగింది. మళ్ళీ వేసి చూశారు. మళ్ళీ అలాగే వంగింది. ఎన్నిసార్లు వేసినా ఆమె మెచ్చుకున్నాకే వంగడాన్ని సంఘం నమోదు చేసుకుంది. కాపలావాణ్ణి పిలిచి అడిగితే ఉమ్మబోతుంటే ఆపానని గర్వంగా చెప్పాడు. అతనూ విధి నిర్వహించాడని రాసుకున్నారు. ఇక విధి నిర్వహించకుండా మిగిలింది చెంగమ్మ ఒక్కతే.

దిష్టి అన్న మాట మాత్రం నివేదికలో ఎక్కడా రానివ్వలేదు. సంఘంలో అందరూ విజ్ఞానవేత్తలే. ‘బాహ్య దృక్‌ప్రభావం’ అని పెట్టారు.

ఇంతవరకూ చెంగమ్మ నవ్వుకుంటూనే ఉంది. ఊళ్ళోవాళ్ళు ఎదురైతే కొంగు సర్దుకోవడం, కొట్టువాడు కొత్తగా దింపిన గుమ్మడికాయల మీద గోనె కప్పడం, ఇవన్నీ ఆమెకు తమాషాగానే ఉన్నాయి. కానీ ఆ వారంలోనే దొరవారిమిట్టలో, పుట్టింట్లో ఉన్న కోడలు పావని ప్రసవించింది. ఆడపిల్ల. మొదటి మనవరాలు. చెంగమ్మ తన పాత నూలు చీరలు నాలుగు కలిపి ఎప్పుడో కుట్టి ఉంచిన బొంత మడతపెట్టి, వసకొమ్ము ముడివేసుకుని, కొడుకు సుధాకరు బండి ఎక్కి కూర్చోగానే వియ్యపురాలు రవణమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

రవణమ్మ మాట ఎప్పుడూ వెన్నపూసే. "నాకట్టాంటి పట్టింపుల్లేవు వొదినా. దిష్టీ గిష్టీ అంతా చాదస్తమని మా పిల్లకి నేనే చెప్పినా. కానీ అంత చదువుకున్నోళ్ళు, సైన్సోళ్ళు తేల్చి చెప్పినాక మనం కాదంటే బాగుంటదా? ఆ కాగితం రద్దయిపోనీ, నేనే వచ్చి తీసకపోతా నిన్ను."

చెంగమ్మ బండి దిగింది. కొడుకు వంక చూసింది. వాడు బండి అద్దం తుడుస్తున్నాడు. అప్పటికే తళతళా మెరుస్తున్న అద్దం. పిల్ల ఫోటో అయినా పంపమనమ్మా అన్నాడు చివరికి. ఫోటో చూసినా తగులుతుందేమోనని పావని పంపలేదన్న సంగతి వాడికి తెలుసు, ఆమెకూ తెలుసు.

మర్నాడే చెంగమ్మ కేంద్రం గేటు ముందు కూర్చుంది. లోపలికి రానిచ్చేవరకూ కదలలేదు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి ఆమె చెప్పిందంతా విన్నారు. నా కంట్లో ఏ దోషమూ లేదని ఒక కాగితం రాసివ్వండి నాయనా, నా మనవరాల్ని చూసుకోవాల అని ఆమె బతిమాలింది.

"అమ్మా, సానుభూతి ఉంది. కానీ మీ కన్ను మంచిదని ధ్రువీకరించే అధికారం ఈ సంఘానికి లేదు. అనుమానించే అధికారం మాత్రమే ఉంది. శాస్త్రీయంగా పరీక్షించవలసి ఉంటుంది."

పరీక్షకు సంఘమంతా పీతలకుప్పం దిగింది. తీగలు, డబ్బాలు, మూడుకాళ్ళ కెమెరాలు. చూడడానికి ఏదో ఒకటి కావాలి గనక మస్తానమ్మ గేదెను తెచ్చి నిలబెట్టారు. మస్తానమ్మ మొదట వద్దంది గానీ, టీవీలో వస్తుందనగానే గేదెకు పసుపు రాసి పట్టుకొచ్చింది. చెంగమ్మను గేదె వంక చూసి మెచ్చుకోమన్నారు. బాగానే ఉండాది అంది చెంగమ్మ. అది చాలదన్నారు. రాకెట్టును చూసినప్పటి భావం రావాలన్నారు. ఈర్ష్య ఇంకొంచెం కలపమన్నారు. ఆ గేదె మీద ఈర్ష్య ఎట్ట వస్తుందయ్యా, దాని పాలు ముప్పాతిక నీళ్ళేనని ఊరంతటికీ తెలుసని చెంగమ్మ అంది. మస్తానమ్మ భగ్గుమంది. ఇద్దరూ తిట్లు అందుకున్నారు. ఆ గోలకు గేదె బెదిరి, వెనక వంగి తీగలు సర్దుతున్న సంఘ సభ్యుణ్ణి తన్నింది. ఆయన పేడలో ప్రణాళికేతరంగా అవతరించాడు.

ప్రభావం స్పష్టంగా నమోదైందనీ, దాని దిశ మాత్రం ఇంకా నిర్ధారణ కావలసి ఉందనీ పరాంకుశం గారు ప్రకటించారు. నిరూపణ కాలేదు, తోసిపుచ్చలేము. ఆ రెండు ముక్కలూ మర్నాటికల్లా దొరవారిమిట్ట చేరాయి. తోసిపుచ్చలేమంటే అర్థమేంటి, ఉన్నట్టే గదా అందట రవణమ్మ.

ఆ పైన నివారణ చర్యలు మొదలయ్యాయి. ఒక్క చెంగమ్మ కన్నే ప్రమాదకరమని ఏ ఆధారంతో చెప్పగలమని సంఘంలో ఒక జాగ్రత్తపరుడు లేవనెత్తాడు. ప్రజల్లో ఎంతమంది చెంగమ్మలున్నారో ఎవరికి తెలుసు? అలా అని వీక్షణశాల మూసేస్తే ప్రత్యక్ష వీక్షణం ప్రజల హక్కని మంత్రి చేసిన ప్రసంగం అబద్ధమవుతుంది. బాగా తర్జనభర్జన పడి మధ్యేమార్గం కనిపెట్టారు. సిమెంటు బెంచీలు పగలగొట్టి పడమటి ముఖంగా తిప్పి కట్టారు. ప్రజలు రావచ్చు, కూర్చోవచ్చు, నేల అదరడాన్ని కింది భాగంతో అనుభవించవచ్చు. చూడకూడదు.

తరవాతి ప్రయోగానికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చారు. క్యారియర్లు, పిల్లలు, చాపలు. గేటు కాడ అద్దాలు లాక్కున్నారు. వెనక ఏముందో కనిపిస్తుందని స్టీలు క్యారియర్ల మూతలు కూడా లాక్కున్నారు. సాంబారు ఒలికిన చీరలతో ఆడవాళ్ళు తిడుతూ కూర్చున్నారు. ఒక బట్టతలాయన్ని మాత్రం చివరి వరసలో కూర్చోబెట్టారు. ముందు కూర్చుంటే వెనకవాళ్ళకు ఆయన తలలో కనిపించవచ్చని. "ప్రేక్షక మహాశయులు తమ వీపులను తూర్పు దిశగా నిలిపి, ఈ చారిత్రక ఘట్టాన్ని ఆనందించవలసిందిగా ప్రార్థన" అని మైకు పలికింది. అంతదూరం నుంచి వచ్చి ఏం చూస్తున్నామయ్యా అని ఎవరో అడిగితే, చూడడానికి కాదు, ఉండడానికి వచ్చారని కాపలావాడు వివరించాడు.

చెంగమ్మను మాత్రం పొద్దున్నే జీపులో తెచ్చి, కిటికీలు లేని గదిలో పెట్టి, కళ్ళకు గంతలు కట్టి, ఇద్దరు ఆడ పోలీసుల్ని కాపలా ఉంచారు. ఆమె అన్నిటికీ ఒప్పుకుంది. గంతలు ఇంకొంచెం బిగించమని కూడా అడిగింది. రాకెట్టు నిక్షేపంగా పోతే తన కన్నే పాపిష్టిదని లోకమంతా తేల్చేస్తుంది. పడిందా, తన మనవరాలు తనకు దక్కుతుంది. దేశం కోసం ఏం కోరుకోవాలో ఆమెకు తెలుసు. మనవరాలి కోసం ఏం కోరుకోవాలో కూడా తెలుసు. నోరు తెరిచి ఏదీ కోరుకోకుండా, పెదాలు బిగించి కూర్చుంది.

రాకెట్టు పడింది.

ఆ రోజు దేశంలో సంతోషించిన ప్రాణి చెంగమ్మ ఒక్కతే అయి ఉంటుంది. గంతలు తానే విప్పుకుని, సిగ్గుపడి, అయ్యో పాపం అంటూనే పరాంకుశం గారి గదికి పరుగెత్తింది. నేను చూడలా, ఎవురూ చూడలా, అయినా పడింది గదయ్యా, ఇంక రాసివ్వండి అంది.

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. సంఘం అప్పటికే సమావేశమై, విభాగాలన్నీ లోపం లేకుండా పనిచేశాయని మరోసారి సంతృప్తి వ్యక్తం చేసి ఉంది.

"సరిగ్గా అదేనమ్మా కారణం. ఎవరూ చూడలేదు. మొదటిసారి దృక్‌ప్రభావం అధికమైంది. రెండోసారి దృక్‌శూన్యత ఏర్పడింది. రెండూ మీ కంటితో ముడిపడినవే. అది ఉన్నా పడుతోంది, లేకపోయినా పడుతోంది అంటే దాని ప్రాముఖ్యం రెట్టింపైంది."

చెంగమ్మ అక్కడే నేలమీద చతికిలబడింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు.

ఆ వెంటనే సంఘం కొత్త విధానం రూపొందించింది. చెంగమ్మ ఈసారి చూడాలి. చూసి, మొదటిసారి అన్న మాటే అనాలి. అన్నాక, మొదటిసారి ఆగిపోయిన ప్రక్రియను పూర్తిచేయాలి. ఆ ప్రక్రియకు ‘ఆర్ద్ర నివారణ చర్య’ అని పేరు పెట్టారు. దానికి బోర్డు ఒక్కటే అడ్డం. పారిశుధ్య విభాగం వాళ్ళు ససేమిరా అన్నారు. ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. చివరికి పైనుంచి ప్రత్యేక అనుమతి వచ్చి, బోర్డు మీద పాత అక్షరాల కింద కొత్తగా రాశారు: ‘ఇక్కడ ఉమ్మరాదు (చెంగమ్మ మినహా)’. ఆమె ఎటువైపు తిరిగి ఉమ్మాలో నేలమీద సున్నంతో బాణం గీశారు. సుధాకరు అది చూసొచ్చి, అమ్మా నీ పేరు ప్రభుత్వం బోర్డు మీద ఉండాదన్నాడు, కాస్త గొప్పగానే. చెంగమ్మ బొంత తీసి, కుట్టు ఊడిన మూల మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

మూడో ప్రయోగం నాడు ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. ఉన్న లోపమంతా ఆ కంట్లోనే ఉందని తేలిన తరవాత రాకెట్టు మీద కెమెరాలు వృథా అనిపించి, వాటన్నిటినీ విప్పి చెంగమ్మ ముందు బిగించారు. లోపల నియంత్రణ గదిలో తెరలన్నిటి మీదా ఆమె కళ్ళే. ఒక తెర మీద ఎడమది, ఒక తెర మీద కుడిది. ఆమె రెప్ప వేస్తే రాసుకునే వాళ్ళు కొందరు. జనం పడమటి ముఖంగా బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కరూ తల తిప్పకుండా కాపలావాళ్ళు వాళ్ళ ముఖాలే చూస్తున్నారు. చెంగమ్మకు ఒక్కదానికే తూర్పుముఖంగా కుర్చీ వేశారు. ఆమె ఒడిలో బొంత ఉంది.

మైకులో అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. పరాంకుశం గారు వంగి, సిద్ధమేనా అమ్మా అని అడిగారు.

చెంగమ్మ కళ్ళు మూసుకుంది.

తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. లోపల అలజడి లేచింది. అంకెలు ఆగిపోయాయి.

"ఈ కళ్ళతో ముందు నా మనవరాల్ని చూస్తా. ఆ తరవాత మీ రాకెట్టు" అంది చెంగమ్మ, కళ్ళు తెరవకుండానే.

బుజ్జగించారు. దేశమన్నారు, ప్రతిష్ఠ అన్నారు. ఆడ పోలీసు ఒకామె చెవి దగ్గర భయపెట్టి చూసింది. కనురెప్పలు బలవంతంగా తెరిచే నిబంధన ఏదైనా ఉందేమోనని వెతికించారు. లేదు. గత్యంతరం లేక, ‘పసికందు అందుబాటులో లేనందున ప్రయోగం తాత్కాలికంగా నిలిపివేయడమైనది’ అని మైకులో ప్రకటించారు. దొరవారిమిట్టకు సైరను కారు పరుగెత్తింది. లక్షల మైళ్ళు పోవలసిన రాకెట్టు ఇంధనం నింపుకుని, పొగలు కక్కుతూ, పిల్ల కోసం నిలబడింది.

కారు వచ్చింది. రవణమ్మ పిల్ల ముఖం మీద కొంగు కప్పి దిగింది. వెనక బాలింత పావని, గుడ్డ తలకు చుట్టుకుని. చుట్టూ అధికారులూ కెమెరాలూ చూసి రవణమ్మ బెదిరిపోయింది. నేనేమన్నానని, మా వొదిన కన్ను బంగారమని ఎప్పుడూ అంటానే గదా అని ఎవరూ అడగకుండానే అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. పావని మాత్రం కొంగు పక్కకు తీసి, పిల్లను తెచ్చి అత్త ఒళ్ళో, ఆ బొంత మీద పడుకోబెట్టింది.

చెంగమ్మ కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది. ముక్కు సుధాకరుది. చెవులు చచ్చిపోయిన తన మొగుడివి. ఈసారి ఆమె పొరబడలేదు. "థూ, కోతిపిల్ల. ఇంత వికారపుది మా ఇంటావంటా లేదమ్మా" అంది, కన్నీళ్ళు తుడుచుకుంటూ. అని పక్కకు తిరిగి, సున్నపు బాణం వైపే థూ థూ అంది. పావని అప్పుడు నవ్వింది.

ప్రక్రియ ముందే జరిగిపోయిందని కొందరూ, అది పిల్ల ఖాతాలోకి వస్తుంది, మళ్ళీ జరగాలని కొందరూ లోపల వాదులాడుకుంటుండగానే, ఘడియలు దాటిపోతున్నాయని అంకెలు మళ్ళీ మొదలుపెట్టారు. అందరూ చెంగమ్మ కళ్ళవంక చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే మనవరాలు బొంత తడిపింది. తడపడమే కాదు, ఇంకా పెద్ద పనే చేసింది. చెంగమ్మ పక్కనున్న అధికారి చేతిలోంచి నీళ్ళ సీసా లాక్కుని, పిల్లను బోర్లా కాళ్ళమీద వేసుకుని వంగింది. కెమెరాలూ వంగాయి. తెరలూ, తెరల ముందు కూర్చున్న తలలూ వంగాయి.

నేల అదిరింది. చెవులు గళ్ళుపడ్డాయి. ఏదో లేచింది, ఏదో పోయింది. పిల్ల ఏడిచింది. చప్పుడు సన్నగిల్లి, ఆకాశంలో మబ్బుల దాకా ఒక తెల్లని పొగచార మాత్రం మిగిలింది. మబ్బుల అవతల ఏమైందో, పైకి పోయిందో, కిందికి దిగిందో, లోపలినుంచి కబురు లేదు. బయటివాళ్ళు లోపలివాళ్ళను అడిగారు. లోపలివాళ్ళు బయటివాళ్ళను అడిగారు. బెంచీల మీది జనాన్ని అడిగితే, వాళ్ళు పడమటివైపు చూపించి, అక్కడ మేకలున్నాయన్నారు.

పరాంకుశం గారు చెమటలు కక్కుతూ చెంగమ్మ దగ్గరికి వచ్చారు. ఈసారి కళ్ళజోడు తియ్యడం మరిచిపోయారు.

"అమ్మా, రాకెట్టు ఎటు వెళ్ళింది? మీరు చూశారా?"

చెంగమ్మ పిల్లను తుడిచి, బొంతలో పొడి కొసన చుట్టి, భుజాన వేసుకుని లేచింది.

"నేను పసిదాని ముడ్డి కడగతా ఉండా. మీరింతమంది యాడ చూస్తా ఉండారు?"